చావు లెక్క కన్నా ముందొచ్చే లెక్క

మత్తుమందు మోతాదు మించి ఎంతమంది చనిపోయారో ఏ ప్రభుత్వమైనా చెప్పగలదు, కాకపోతే ఆలస్యంగా చెబుతుంది. శవపరీక్ష జరగాలి. నమూనాలు ల్యాబ్‌కు వెళ్లాలి. ఒంట్లో ఏ మందు ఎంత ఉందో, ప్రాణం తీసింది అదేనో కాదో తేలాలి. కెనడాలో చాలాచోట్ల ఆ పైన కరోనర్, అంటే అనుమానాస్పద మరణాలను పరిశీలించే అధికారి, దర్యాప్తు ముగించి మరణ కారణం రాయాలి. దీనికంతా వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. అంకె పత్రికల్లోకి ఎక్కేసరికి ఆ మనిషిని చంపిన సరుకు అమ్ముడైపోయి, దాని చోట ఇంకొకటి బజార్లోకి వచ్చేసి ఉంటుంది. ఇంతకన్నా ముందొచ్చే లెక్క ఒకటుంది. మనిషి కుప్పకూలగానే ఎవరో ఒకరు అంబులెన్స్‌కు ఫోన్ చేస్తారు. ఎన్నింటికి చేశారు, ఏ వీధికి రమ్మన్నారు, వెళ్లేసరికి ఊపిరి ఉందా, ఏ మందు ఇచ్చారు, బతికారా లేదా అన్నీ ఆ పూటే కంప్యూటర్లోకి ఎక్కుతాయి. పైగా ఈ లెక్కలో ఉన్నవాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉంటారు. మరణాలు తగ్గించాలనుకునే ప్రాంతం ముందుగా చూడాల్సింది ఈ లెక్కనే అని నా వాదన. అయితే దాన్ని చదవడం తెలియాలి, అది ఎవరి చేతిలో ఉండాలో ముందే తేల్చుకోవాలి. లేకపోతే దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ జరగవచ్చు.

ఈ పనిని పెద్ద ఎత్తున చేసి చూసిన ప్రాంతం కెనడా పడమటి కొసన ఉన్న బ్రిటిష్ కొలంబియా. 2016 ఏప్రిల్ 14న ఆ రాష్ట్ర ప్రజారోగ్య అధికారి పెర్రీ కెండాల్ మత్తుమందుల మరణాల మీద అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఇలాంటి ప్రకటన అనగానే మనకు ఆంక్షలు, జరిమానాలు గుర్తొస్తాయి. దీని ముఖ్య ఉద్దేశం వేరు. అంబులెన్సుల దగ్గర, ఆసుపత్రుల ఎమర్జెన్సీల్లో, కరోనర్ల ఫైళ్లలో విడివిడిగా పడి ఉన్న సమాచారాన్ని ఎప్పటికప్పుడు ఒకచోటికి తెప్పించుకునే అధికారం కోసమే ఆ ప్రకటన. ఇందుకు ఆ రాష్ట్రానికి ఒక వెసులుబాటు కూడా ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే వచ్చే నేలకు మూడింతలు మించిన ఆ ప్రాంతమంతటికీ 1974 నుంచి ఒకే ప్రభుత్వ అంబులెన్స్ సర్వీసు పనిచేస్తోంది. వాంకూవర్ నగరంలో పడిపోయినా, ఉత్తరాన ప్రిన్స్ జార్జ్ పక్క పల్లెలో పడిపోయినా అదే సర్వీసు, అదే ఫారం. అమెరికాకు ఈ సుఖం లేదు. అక్కడ ఒక ఊరిది అగ్నిమాపక శాఖ అంబులెన్స్, పక్క ఊరిది ప్రైవేటు కంపెనీది, ఆ పైది ఆసుపత్రిది. వేలాది సంస్థల రికార్డులను ఒక మూసలోకి తెచ్చి, ప్రాణాపాయం తప్పిన ఓవర్‌డోసులను దేశమంతటికీ ఒకే పటం మీద చూపించడం 2022 డిసెంబరుకు గానీ కుదరలేదు.

ఇంతకీ ఆ ఫారంలో ఏముంటుంది? ఫెంటనిల్, హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మందులు మెదడులో ఊపిరిని నడిపే కేంద్రాన్ని అణచివేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాడు. మోతాదు మించినవాడికి అది నాలుగైదుకు పడిపోతుంది, తర్వాత ఆగిపోతుంది. పెదాలు నీలం తిరుగుతాయి, కనుపాపలు సూదిమొనంత అవుతాయి. పారామెడిక్ వచ్చీ రాగానే చేసేది సూది వేయడం అనుకుంటాం. నిజానికి ముందు ముఖానికి మాస్కు పెట్టి, దానికున్న గాలిసంచి నొక్కుతూ ఊపిరి అందిస్తారు. ఆ తర్వాతే ఈ మత్తుకు విరుగుడైన నలోక్సోన్. కండలోకి సూదిగానో, ముక్కులోకి స్ప్రేగానో ఇస్తే రెండు నుంచి ఐదు నిమిషాల్లో మనిషి గట్టిగా ఊపిరి లాగుతాడు. అయితే ఆ మందు పనిచేసేది అరగంట నుంచి గంటన్నర వరకే. లోపలున్న మత్తుమందు అంతకన్నా ఎక్కువసేపు నిలిస్తే మనిషి మళ్లీ మునిగిపోతాడు. అందుకే ఆసుపత్రికి రమ్మని బతిమాలతారు, చాలామంది రామంటారు. ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, కనుపాపలు ఎలా ఉన్నాయి, ఎన్ని మోతాదులు ఇచ్చారు, వచ్చాడా, వద్దన్నాడా అన్నీ ఫారంలో గళ్లు గళ్లుగా నిండుతాయి. ఒక్కో గడికి ఒక్కో అర్థం. రెండు మోతాదులతో లేవని మనుషులు ఒక వారంలో హఠాత్తుగా ఎక్కువైతే, వీధిలోకి ఘాటైన సరుకు దిగిందని ల్యాబ్ కన్నా ముందే తెలుస్తుంది. ఊపిరి తిరిగొచ్చినా మెలకువ రానివాళ్లు ఎక్కువైతే, ఫెంటనిల్‌లో ఎవరో నిద్రమాత్రల జాతి మందు కలుపుతున్నారని అనుమానించాలి. నలోక్సోన్ ఆ రెండో మందు మీద పనిచేయదు.

ఇక అసలు చిక్కు లెక్కపెట్టడంలో ఉంది. ఓవర్‌డోస్ అని దేన్ని రాసుకోవాలి? మొదటి పద్ధతి ఫోన్‌లో చెప్పినదాన్ని పట్టుకోవడం. కాల్ తీసుకున్నవారు ప్రశ్నలు అడిగి ఒక కోడ్ వేస్తారు. అది చుట్టుపక్కలవాళ్లు ఏమనుకున్నారో చెబుతుంది గానీ, ఒంట్లో ఏం జరిగిందో చెప్పదు. తాగి పడిపోయినవాడూ, ఆత్మహత్యకు మాత్రలు మింగినవారూ ఆ కోడ్ కిందికే వస్తారు. మరోవైపు స్నానాలగదిలో స్పృహ తప్పి కనిపించిన కొడుకు గురించి తల్లి ‘గుండెపోటు’ అని ఫోన్ చేస్తే, నిజమైన ఓవర్‌డోస్ ఆ కోడ్ కిందికి రాదు. రెండో పద్ధతి నలోక్సోన్ ఇచ్చిన ప్రతి కేసునూ లెక్కించడం. ఇది కొంచెం గట్టిది. కానీ బ్రిటిష్ కొలంబియా 2012 నుంచే మత్తుమందులు వాడేవాళ్లకు, వాళ్ల స్నేహితులకు నలోక్సోన్ కిట్లు ఉచితంగా ఇస్తోంది. అంబులెన్స్ వచ్చేలోపు పక్కనున్నవాడే సూది వేసి బతికించేస్తే పారామెడిక్ ఏమీ ఇవ్వనక్కర్లేదు. అంటే ఆ కార్యక్రమం ఎంత బాగా నడిస్తే ఈ లెక్క అంత తగ్గుతుంది! మూడోది, పారామెడిక్ స్వయంగా చూసి రాసిన నిర్ధారణ. ఇది నమ్మదగ్గదే అయినా, ఒకరి అనుభవానికీ ఇంకొకరి అనుభవానికీ తేడా ఉంటుంది. జాగ్రత్త ఉన్న ప్రాంతాలు మూడింటినీ కలిపి చూస్తాయి, దేనిని లెక్కించామో అంకె పక్కనే రాస్తాయి. అలా రాయని పటాన్ని నమ్మనక్కర్లేదు.

ఈ జాగ్రత్త ఎందుకో 2023 చూపించింది. ఆ ఏడాది బ్రిటిష్ కొలంబియా అంబులెన్సులకు ఓవర్‌డోస్, విషం కోడ్ కింద 42 వేలకు పైగా కాల్స్ వచ్చాయి. అంతకుముందు ఏడు అవి 33 వేల పైచిలుకు. అంటే పాతిక శాతం పెరుగుదల. మరణాలు మాత్రం 2,300 పైనుంచి 2,500 పైకి, అంటే పదో వంతు లోపే పెరిగాయి. అదే 2023 జనవరి 31 నుంచి ఆ రాష్ట్రంలో రెండున్నర గ్రాముల లోపు మత్తుమందు దగ్గర ఉంచుకోవడాన్ని ప్రయోగాత్మకంగా నేరం కాదన్నారు. ఇంకేముంది, రాజకీయ నాయకులకు పండగ. సడలింపు వల్లే పతనం అన్నారు ఒక పక్షం. భయం పోయి జనం ఫోన్ చేస్తున్నారు, అందుకే కాల్స్ పెరిగినంతగా చావులు పెరగలేదు అన్నారు ఇంకో పక్షం. నిద్రమాత్రల జాతి కల్తీ వల్ల నలోక్సోన్ వేసినా మనిషి లేవకపోవడంతో కంగారుపడి ఫోన్ చేసినవాళ్లూ ఉండే ఉంటారు. ఒక్క మొత్తం అంకెను పట్టుకుని ఈ మూడింటిలో ఏది నిజమో ఎవరూ తేల్చలేరు. ఊపిరి రేటు, మెలకువ స్థాయి, ఫోన్ చేసింది బాటసారా ఇంట్లో మనిషా అన్న గళ్లు విడదీసి చూస్తేనే ఏదైనా చెప్పొచ్చు. 2024లో కాల్స్ కొద్దిగానే తగ్గాయి, మరణాలు మాత్రం 13 శాతం దాకా తగ్గి 2,253 అయ్యాయి. ఈ రెండు గీతలూ ఒకదాని వెంట ఒకటి నడవవు. కాల్స్ తగ్గితే మేలనీ పెరిగితే కీడనీ అనుకునేవాళ్లు ఆ ఫారాన్ని తలకిందులుగా చదువుతున్నట్టే.

సరిగా చదివితే ఏం తెలుస్తుందో కూడా చూడాలి. మత్తుమందుల సమస్య అంటే వాంకూవర్‌లోని డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ ఫుట్‌పాత్‌లే అందరి కళ్లముందూ మెదిలేవి. లెక్కలు మరోటి చెప్పాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నాలుగు గోడల మధ్యే, అందులోనూ సొంత ఇళ్లలో, చాలాసార్లు ఒంటరిగా ఉన్నప్పుడు పోయారు. 2018లో కరోనర్లు తమ ఫైళ్లను తిరగేసినప్పుడు, చనిపోయేనాటికి ఏదో ఒక ఉద్యోగంలో ఉన్నవాళ్లలో సగానికి పైగా నిర్మాణం, రవాణా లాంటి పనులవాళ్లని తేలింది. భవన నిర్మాణంలో పంజాబీ కుటుంబాలు ఎక్కువగా ఉన్న సర్రీ నగరం, మరణాల సంఖ్యలో వాంకూవర్ తర్వాత వినిపించే పేర్లలో ఒకటి. జనాభా లెక్కన చూస్తే పెద్ద నగరాల కన్నా ఉత్తరాది చిన్న ఊళ్ల పరిస్థితే ఘోరం. ఆదివాసులైన ఫస్ట్ నేషన్స్ ప్రజలు మిగతావారికన్నా దాదాపు ఆరింతలు ఎక్కువగా చనిపోతున్నారు. నెలనెలా ప్రభుత్వ సాయం చెక్కులు అందే బుధవారం తర్వాతి రోజుల్లో ఓవర్‌డోసులు పెరుగుతాయన్నదీ ఇలా నిర్ధారణ అయిందే. అయితే ఎప్పుడు పెరుగుతాయో తెలిసినంత మాత్రాన ఏం చేయాలో తెలిసిపోదు. చెక్కుల తేదీలను మనిషికో రోజుగా మార్చి ప్రయోగం చేస్తే, ఆ వారంలో వాడకం తగ్గింది గానీ వేరే హానులు పెరిగాయి. అధికారులు ఒప్పుకోవడానికి ఇష్టపడని సంగతి ఇది.

లెక్క ఉండీ పని జరగకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో హంటింగ్టన్ అనే చిన్న ఊరు ఉంది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని ఆ ఊళ్లో 2016 ఆగస్టు 15 మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది లోపు అంబులెన్సులకు వరసగా ఓవర్‌డోస్ కాల్స్ వచ్చాయి. మేయర్ కార్యాలయం అదే రోజు ఆరోగ్య శాఖకు కబురు పెట్టింది. 53 గంటల్లో 20 కేసులు తేలాయి. 16 మందికి నలోక్సోన్ ఇచ్చారు, ఆరుగురికి ఒక్క మోతాదు చాలలేదు. తర్వాత పరీక్షల్లో ఫెంటనిల్‌తో పాటు, ఏనుగులాంటి పెద్ద జంతువులకు మత్తు ఇవ్వడానికి వాడే కార్‌ఫెంటనిల్ బయటపడింది. సమాచారం వేళకు అందింది, ల్యాబ్ పని చేసింది, అంతా బాగానే ఉంది. కానీ దర్యాప్తు నివేదికలో ఒక వాక్యం ఉంది: ఆ ఇరవై మందిలో ఒక్కరినీ కోలుకునే సేవల వైపు పంపలేదు. బతికించి ఇంటికి పంపేశారు, అంతే. ఇది ఎంత ప్రమాదమో మసాచుసెట్స్ రాష్ట్రంలో తేలింది. ఓవర్‌డోస్‌తో ఎమర్జెన్సీకి వచ్చి బతికి వెళ్లిన పదకొండు వేల మందికి పైగా మనుషులను ఏడాదిపాటు గమనిస్తే, నూటికి ఐదుగురికి పైగా చనిపోయారు. వాళ్లలో ఐదో వంతు మంది మొదటి నెలలోనే పోయారు. అంబులెన్స్ జాబితా విలువంతా ఇక్కడే ఉంది. రేపు చనిపోయే అవకాశం ఎవరికి ఎక్కువో అది ముందే చెబుతోంది. హంటింగ్టన్ ఆ పాఠం నేర్చుకుంది. 2017 డిసెంబరు నుంచి ఒక పారామెడిక్, ఒక పోలీసు, ఒక చికిత్స నిపుణుడు, ఒక మతగురువు కలిసి, ఓవర్‌డోస్ అయినవారి ఇంటికి మూడు రోజుల్లోపు వెళ్లి తలుపు తట్టడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఆ ఊరున్న జిల్లాలో ఓవర్‌డోస్ కాల్స్ బాగా తగ్గాయి. మొత్తం ఘనత ఆ బృందానిదే అనడం తొందరపాటు. కానీ పటం చూసి ఊరుకోకుండా తలుపు దాకా వెళ్లిన ఊరు అది.

ఆ బృందంలో పోలీసు పేరు చూడగానే ఒక అభ్యంతరం లేవాలి. లేస్తే మంచిదే. అమెరికాలో ఎక్కువగా వాడే ఓవర్‌డోస్ పటం ‘ఓడీమ్యాప్’ను 2017లో తెచ్చింది ఆరోగ్య శాఖ కాదు, మాదకద్రవ్యాల రవాణాను అరికట్టే వాషింగ్టన్-బాల్టిమోర్ పోలీసు సమన్వయ సంస్థ. సంఘటన జరిగిన చోటు, బతికారా లేదా, నలోక్సోన్ ఇచ్చారా అన్నవి దానిలో నమోదవుతాయి. ఒకచోట కాల్స్ హఠాత్తుగా పెరిగితే హెచ్చరిక వెళ్తుంది. హెచ్చరిక మంచిదే. అయితే అదే పటం మీద చుక్క పడిన ఇంటికి మర్నాడు సోదాకు వస్తారన్న అనుమానం ఒక్కసారి పుడితే జనం ఫోన్ చేయడం మానేస్తారు. అప్పుడు లెక్కా పోతుంది, మనిషీ పోతాడు. ఇది ఊహాజనితమైన భయమని కొట్టిపారేయలేం. అందుకే మేరీల్యాండ్ రాష్ట్రం 2018లో ఈ నమోదును చట్టంగా చేస్తూ, ఆ సమాచారాన్ని నేర దర్యాప్తుకు వాడకూడదని అందులోనే రాసింది. కెనడా 2017 మేలో తెచ్చిన గుడ్ సమారిటన్ చట్టం ఫోన్ చేసినవాళ్లకూ, అక్కడున్నవాళ్లకూ, పడిపోయినవారికీ కొద్దిపాటి మత్తుమందు దగ్గర ఉంచుకున్నారన్న కేసు నుంచి రక్షణ ఇస్తుంది. నా మటుకు ఈ రెండు రక్షణలూ లేకుండా అంబులెన్స్ లెక్కలను పటం మీద పెట్టే హక్కు ఏ ప్రభుత్వానికీ ఉండకూడదు. చిన్న ఊళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అయిదు వందల గడప ఉన్న ఊరి మీద ఒక్క చుక్క పెడితే, అది ఎవరిల్లో ఊరంతటికీ తెలిసిపోతుంది. కాబట్టి బయటికి ఇచ్చే పటంలో జిల్లా స్థాయి చాలు. వీధి స్థాయి వివరం తలుపు తట్టే ఆరోగ్య సిబ్బందికి మాత్రమే.

దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి. ఇన్ని లెక్కలు పెట్టిన బ్రిటిష్ కొలంబియాలో 2016లో వెయ్యికి అటూ ఇటూ ఉన్న మరణాలు 2023 నాటికి రెండున్నర వేలు దాటాయి కదా, మరి ఈ పటాలతో ఒరిగిందేమిటని అడగవచ్చు. దీన్ని దాటవేసి ఈ లెక్కలను పొగడటం నిజాయతీ కాదు. మన వరద హెచ్చరికనే తీసుకోండి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక వరదను ఆపదు. లంక గ్రామాలను ఖాళీ చేయించే పడవలు లేకపోతే అది ఉత్త ప్రకటన. బ్రిటిష్ కొలంబియాలో వరద పెరుగుతూనే పోయింది. 2012లో మరణాల్లో నూటికి ఐదింట్లో కనిపించిన ఫెంటనిల్ తర్వాత నూటికి ఎనభైకి పైగా మరణాల్లో కనిపించింది. కోవిడ్‌లో సరిహద్దులు మూతపడ్డాక సరుకు ఇంకా విషమయం అయింది. పడవలు మాత్రం చాలినన్ని రాలేదు. చికిత్స కోసం వచ్చినవాళ్లు వారాల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ తప్పు లెక్కది కాదు, లెక్క చూసి కూడా ఖర్చుకు వెనకాడినవాళ్లది. ఆ డబ్బేదో లెక్కలకు కాకుండా చికిత్సకే పెట్టొచ్చు కదా అనేవాళ్లకు ఒకటే మాట: ఆ ఫారం పారామెడిక్ ఎలాగూ నింపుతున్నాడు. కొత్తగా ఖర్చయ్యేది దాన్ని చదివే నలుగురి జీతమే.

మనకు దీనితో పనేమిటి? దేశానికి 108ని 2005 ఆగస్టు 15న పరిచయం చేసింది హైదరాబాదే. ఒకే నంబరు, రాష్ట్రమంతటికీ ఒకే సర్వీసు, ప్రతి కాల్‌కూ రికార్డు. ఈ విషయంలో మనం అమెరికా కన్నా బ్రిటిష్ కొలంబియాకే దగ్గర. ఫెంటనిల్ మన వీధుల సమస్య కాకపోవచ్చు. నిద్రమాత్రల జాతికే చెందిన అల్ప్రాజోలం కలిపిన కల్లు మాత్రం తెలంగాణలో ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క వణుకుతో, మతి తప్పి జనం ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి బారులు తీరినప్పుడు ఆ అలవాటు ఎంత లోతుకు వెళ్లిందో బయటపడింది. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఒకే పేట నుంచి ఒకే రకం లక్షణాలతో మూడో కాల్ రాగానే ఆరోగ్య శాఖకు హెచ్చరిక వెళ్లే ఏర్పాటు ఉంటే, ఆ పూట ఆ దుకాణాలు మూయించడానికి చావుల దాకా ఆగనక్కర్లేదు. స్పృహ తప్పి వచ్చిన ప్రతి కేసూ మెడికో లీగల్ పేరుతో పోలీసు స్టేషన్‌కు చేరే మన పద్ధతిలో, ఫోన్ చేసినవాడికి రక్షణ కల్పించడం అంతకన్నా ముందు జరగాల్సిన పని. 108 రికార్డుల్లో మత్తు, కల్తీ కేసులను జిల్లాల వారీగా, పేర్లు లేకుండా, నెలనెలా ప్రకటించమని రెండు ప్రభుత్వాలనూ అడగాలి. పిల్లలు కెనడాలోనో అమెరికాలోనో చదువుకుంటున్న తల్లిదండ్రులు ఈలోగా చేయగలిగింది ఒకటుంది. గదిలో ఎవరైనా పడిపోతే పోలీసులకు భయపడి తలుపు వేసుకోవద్దనీ, వెంటనే 911కు ఫోన్ చేసి, ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే ఉండమనీ ఈ వారం ఫోన్‌లో మాట్లాడినప్పుడు చెప్పండి.